గౌతమి మొగకి వెళ్లే ముందు

చిరంజీవి లలితకు, పెదనాన్న దీవెనలు.

గోదావరి ఒండ్రు సముద్రపు నీళ్లు తగిలినప్పుడు ఏ లోహాల్ని వదులుతుందో చూడ్డానికి, గౌతమి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లు పట్టాలని నువ్వు పంపిన ప్రణాళిక చదివాను. యానాం నుంచి సముద్రం దాకా రెండేసి కిలోమీటర్లకొక సీసా నింపుతానని రాశావు. అలా చెయ్యకు తల్లీ. పొద్దున తియ్యగా ఉన్న చోటే మధ్యాహ్నం పోటుకి నీళ్లు ఉప్పగా అయిపోతాయి. ఉప్పదనం కొలిచే మీటరుని నీళ్లలో ముంచి, కిలో నీళ్లకి ఉప్పు 0, 1, 2, 4, 7, 10 గ్రాములు ఉన్న చోట్ల పడవ ఆపించు. 20 దాటాక నాలుగైదు సీసాలు చాలు. అసలు గొడవంతా మొదట్లోనే జరుగుతుంది.

గోదావరి ఒండ్రులో దక్కను నల్లరేగడి వాటా ఎక్కువ. ఆ బంకమట్టి రేణువుల్ని పట్టుకుని బేరియం, రేడియం వస్తాయి. సముద్రపు నీళ్లు తగలగానే సోడియం, మెగ్నీషియం వాటిని తోసేసి ఆ చోట్లు ఆక్రమిస్తాయి. ఒక్కొక్కటిగా చూస్తే బేరియం పట్టే గట్టిది. కానీ అవతలివాళ్లు లక్షల రెట్లు ఉంటే ఎంతసేపని నిలబడుతుంది? మిసిసిపీ మొగలో బేరియం ఇలా బయటపడుతుందని 1977లోనే చూపించారు. కాడ్మియం కూడా మట్టిని వదిలేస్తుంది గానీ, దాన్ని లాక్కుపోయేది క్లోరైడు. ఇనుముది ఎదురు దారి, ఉప్పు తగిలితే ముద్దకట్టి అడుక్కి దిగుతుంది.

ఉప్పదనం అడ్డంగా, బేరియం నిలువుగా పెట్టిన గ్రాఫులో నది నీటి చుక్కనీ సముద్రపు చుక్కనీ కలిపి గీత గీస్తావు. రెండు నీళ్లూ ఉత్తినే కలిస్తే మిగతా చుక్కలన్నీ ఆ గీత మీదే పడాలి. బేరియం గీతకి పైన కనిపించగానే ఒండ్రు వదిలిందని సంబరపడిపోకు. నదిలో బేరియం వారం వారం మారుతుంది, మడ అడవుల బురదలోంచీ కొంత రావచ్చు. ధవళేశ్వరం దగ్గర ఒండ్రు పట్టుకొచ్చి, వడకట్టిన సముద్రపు నీళ్లలో కలిపి, గంటకీ ఆరు గంటలకీ మర్నాడూ కొలిచి చూడు. అప్పుడు నీ మాటకి బలం ఉంటుంది.

ఇక వడకట్టడం. నా మొదటి ఏడాది వరద నీళ్లకి ఫిల్టరు రెండు నిమిషాల్లో పూడుకుపోయేది. చేతులు లాగేస్తున్నాయి, పడవ నడిపే సరంగు భోజనానికి తొందరపెడుతున్నాడు. ఒడ్డుకెళ్లాక చూద్దామనుకున్నాను. పైగా ‘నీళ్లు పాడవకుండా’ అని యాసిడ్ ముందే పోశాను! మట్టిలో ఉన్నదంతా కరిగి సీసాలోకి దిగిపోయింది. అంకెలు చూసి మూడ్రోజులు మురిసిపోయాను కూడా. ఆ వానాకాలం మొత్తం వృథా. నువ్వు పడవ మీదే 0.45 మైక్రాన్ల ఫిల్టరుతో వడకట్టి, ఆ తర్వాతే శుద్ధమైన నైట్రిక్ యాసిడ్ చుక్కలు వెయ్యి. ఫిల్టర్లు లెక్కకి మూడింతలు పట్టుకెళ్లు. జింకు పూత బకెట్టు పడవలో కనిపిస్తే దాని జోలికి పోకు, దాని లోహం నీ నీళ్లలో కలుస్తుంది. ఇంజను ఆపించి, ప్రవాహానికి ఎదురుగా, పడవ ముందు కొస నుంచి తియ్యి.

ఆగస్టు వరదలో మంచినీళ్లు మొగ దాటి సముద్రంలోకి తోసుకుపోతాయి. కలయిక బయటెక్కడో అలల మధ్య జరుగుతుంది, చిన్న పడవలో అక్కడికి వెళ్లొద్దు. వరద తీసిన అక్టోబరులో వెళ్లు. ఏప్రిల్లో ఇంకోసారి వెళ్లాలి. ధవళేశ్వరం ఆనకట్ట తలుపులు మూసి ఉంటే ఉప్పు పైకి ఎగదన్నుతుంది, ఒండ్రు తక్కువ. అప్పుడు చూడాల్సింది మాంగనీసుని. గాలి అందని అడుగు బురదలోంచి అది పైకి వస్తుంది.

వెళ్లే రోజు తిథి చూసుకో. అమావాస్య పోటుకీ అష్టమి పోటుకీ చాలా తేడా ఉంటుంది. సరంగుని అడిగితే మీటరు కన్నా ముందే చెబుతాడు. అతనికీ నాలుగు ఇడ్లీలు కట్టించు.

పెదనాన్న