ఓడలో అందరికీ ఒకే రకం గది అక్కర్లేదు

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. నేను జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని, తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మా నాయనకు 72, అమ్మకు 67. నాయన వయసులో ఉన్నప్పుడు కొన్నేళ్లు బొంబాయిలో కట్టుబడి పనికి వెళ్లివచ్చారు. ఇప్పుడు ఆ ఊరి నుంచే ఓడ ఎక్కించి లక్షద్వీప్ దాకా తీసుకెళ్లాలని మా కోరిక. అమ్మానాయన, మేమిద్దరం, మా పాప (13), బాబు (9), తమ్ముడు, మరదలు, వాళ్ల రెండేళ్ల పాప, మొత్తం తొమ్మిది మందిమి. నాలుగు రాత్రుల ప్రయాణం. మూడు లోపలి (కిటికీ లేని) గదులైతే 2,79,000, మూడు బాల్కనీ గదులైతే 4,05,000 అవుతుందని ఏజెంటు చెప్పాడు. గదిలో ఉండేది నిద్రకే కదా, లోపలివి చాలంటాడు తమ్ముడు. జీవితంలో ఒక్కసారి వెళ్లేది, బాల్కనీ తీసుకుందామని నాకు ఉంది. దసరా సెలవుల్లో వెళ్లాలి. నా దగ్గర 60,000 ఉన్నాయి, ఈ మార్చి నుంచి నెలకు 13,000 దాచగలను. నాయన తన 5 లక్షల ఎఫ్‌డీ తీసేస్తానంటున్నారు. లేదంటే క్రెడిట్ కార్డు ఈఎంఐ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ తమ్ముడు చెప్పింది ఆయన వరకు నిజం. ముప్ఫై అయిదేళ్ల మనిషి ఓడలో గదికి నిద్రకే వస్తాడు. మీ నాయన విషయం వేరు. మధ్యాహ్నం భోజనమయ్యాక కాసేపు నడుం వాల్చాలి, మెట్లెక్కి దిగితే మోకాళ్లు లాగుతాయి, సాయంత్రం పాటల హోరు ఎక్కువైతే గదికి వచ్చేయాలనిపిస్తుంది. నాలుగు రోజుల్లో అందరికంటే ఎక్కువసేపు గదిలో గడిపేది ఆ ఇద్దరే. అందుకే గదులన్నీ ఒకే రకం ఉండాలన్న ఆలోచన పక్కన పెట్టండి. మంచి గది ఒక్కటి, అదీ అమ్మానాయనలకు. మిగతా రెండూ లోపలివే తీసుకోండి.

ఏజెంటు రాసిచ్చిన రేట్లు మీరు ఉత్తరంతో పాటు పంపారు. వాటితోనే లెక్క వేద్దాం. ఓడలో గది ధరను ఇద్దరు మనుషుల్ని అనుకుని కడతారు. మొదటి ఇద్దరికి పూర్తి ధర, అదే గదిలో మూడో మనిషికి, నాలుగో మనిషికి బాగా తక్కువ. మీకిచ్చిన రేటు ప్రకారం లోపలి గదిలో మొదటి ఇద్దరికి తలా 26,000, మూడో మనిషికి 14,000. బాల్కనీ గదిలో మొదటి ఇద్దరికి తలా 44,000, మూడో మనిషికి 20,000. పోర్టు చార్జీలు, పన్నులు, సర్వీసు చార్జీ కలిపి మనిషికి 9,000. ఈ 9,000 మాత్రం అందరికీ సమానమే, మూడో మనిషికి ఇందులో తగ్గింపు లేదు. ఒక గదిలో ఎక్కువ మందిని సర్దితే ఎంతో మిగులుతుందని చాలామంది పొరబడేది ఇక్కడే.

నేను చెప్పేది ఇదీ. బాల్కనీ గదిలో అమ్మానాయనలతో పాటు మీ పాప. దానికి 1,08,000. మీరిద్దరూ బాబూ ఒక లోపలి గదిలో, 66,000. తమ్ముడి కుటుంబం ఇంకో లోపలి గదిలో, 66,000. తొమ్మిది మంది చార్జీలు 81,000. అంతా కలిపి 3,21,000. మూడూ లోపలి గదులైతే అయ్యేదానికంటే 42,000 ఎక్కువ, మూడూ బాల్కనీలైతే అయ్యేదానికంటే 84,000 తక్కువ. ఆ 42,000తో పెద్దవాళ్లకు గదిలోకి వెలుతురు, గాలి, కూర్చుని సముద్రం చూసే చోటు వస్తాయి. మీ ఇంట్లో ఈ ఖర్చు చేయదగిందే.

పాపను అమ్మానాయనల గదిలో ఎందుకు పెట్టమన్నానో కూడా చెప్పాలి. మీరు నలుగురూ ఒకే లోపలి గదిలో సర్దుకుంటే లెక్క ఇంకో 6,000 తగ్గుతుంది. కానీ చాలా ఓడల్లో లోపలి గది మన ఇళ్లలో 10 బై 12 పడకగదికి కాస్త అటూ ఇటూ ఉంటుంది, బాత్రూమ్ కూడా అందులోనే. మూడో, నాలుగో పడకలు చాలాచోట్ల గోడ నుంచో పైకప్పు నుంచో కిందికి దించేవి, నిచ్చెన ఎక్కి పడుకోవాలి. పదమూడేళ్ల ఆడపిల్లకు నాలుగు రోజులు అలా ఇబ్బంది. తాత, నాయనమ్మల గదిలో సోఫా పడక ఉందా అని అడిగి, ఉంటే అక్కడ పడుకోబెట్టండి. రాత్రి నాయన లేవాల్సి వచ్చినా, ఫోన్ చేసి మిమ్మల్ని పిలవాల్సి వచ్చినా ఒక మనిషి తోడుంటుంది. ముందు పాపను అడగండి. నాయనమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేచే మనిషి అయితే పాపకు నిద్ర చెడుతుంది. పాప వద్దంటే ఆ 6,000 మిగిలిందనుకుని మీ గదిలోనే పడుకోబెట్టుకోండి.

తమ్ముడి కుటుంబానికి బాల్కనీ వద్దని నేను గట్టిగానే చెబుతాను. రెండేళ్ల పిల్ల ఉన్న గదిలో సముద్రం వైపు తెరుచుకునే తలుపుంటే తల్లికి నాలుగు రోజులూ టెన్షనే. లోపలి గదికి కిటికీ ఉండదు. లైటు తీసేస్తే పట్టపగలైనా చీకటే, పిల్ల మధ్యాహ్నం హాయిగా నిద్రపోతుంది. ఇంకో మాట, చంటిపిల్ల ఒళ్లోనే ఉంటుంది కదా అని లెక్కలోంచి తీసేయకండి. ఒక్కో గదిలో ఎంతమంది ఉండొచ్చనేదానికి ప్రాణరక్షణ పడవల్లో చోటుతో కూడా సంబంధం ఉంటుంది. అందుకే ఓడలో చంటిపిల్ల కూడా ఒక తలే.

మధ్యేమార్గంగా సముద్రం కనిపించే కిటికీ గది కూడా ఉంటుంది. ఆ కిటికీ తెరుచుకోదు. బాల్కనీ గదులు అయిపోతే అమ్మానాయనలకు అది తీసుకోండి, బాధపడాల్సిన పనేమీ లేదు. మన దేశం నుంచి నడుస్తున్న కార్డీలియా కంపెనీ వారి ఎంప్రెస్ 1990లో సేవలోకి వచ్చిన ఓడ. ఆ కాలపు ఓడల్లో బాల్కనీ గదులు తక్కువ, ముందుగా అమ్ముడయ్యేవి అవే. కిటికీ ఎదురుగా ప్రాణరక్షణ పడవ వేలాడుతూ అడ్డంగా ఉందేమో అడిగి తెలుసుకోండి. అలాంటి గదులు కాస్త చవకగా ఇస్తారు, కానీ పొద్దస్తమానం పడవనే చూస్తూ కూర్చోవాలి.

గది రకంతో పాటు గది ఎక్కడుందో కూడా చూడాలి. ఓడ ఊగడం ముందు వైపు, పై అంతస్తుల్లో ఎక్కువగా తెలుస్తుంది. మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో తక్కువ. పెద్దవాళ్లకు మధ్య భాగమే మంచిది. లిఫ్టు నాలుగడుగుల్లో ఉండాలి, అలాగని దానికి ఆనుకుని ఉండొద్దు, మనుషుల అలికిడి ఎక్కువ. గదికి పైన స్విమ్మింగ్ పూల్ డెక్ ఉంటే తెల్లారకముందే కుర్చీలు జరిపే చప్పుడు, కింద డ్యాన్స్ హాలుంటే అర్ధరాత్రి దాకా దరువు. ఏజెంటును డెక్ ప్లాన్ (ఏ అంతస్తులో ఏముందో చూపే పటం) అడిగి తీసుకోండి. మీరు తీసుకునే గదికి పైన ఏముంది, కింద ఏముంది అని వేలు పెట్టి చూపించమనండి.

నాయన మోకాళ్ల గురించి మీరు రాయలేదు. 72 ఏళ్ల మనిషి, వయసులో ఉన్నప్పుడు బరువులు మోసిన మనిషి కాబట్టి అడుగుతున్నా. ఓడల్లో బాత్రూమ్‌కు గడప ఎత్తుగా ఉంటుంది. పట్టుకోవడానికి కడ్డీలున్నాయో లేదో కనుక్కోండి. చక్రాల కుర్చీ వాడేవాళ్లకు గడప లేని వెడల్పాటి గదులు కొన్ని ఉంటాయి. అవి వాళ్ల కోసమే, నాయనకు అంత అవసరం లేకపోతే అడగకండి. లక్షద్వీప్ దగ్గర పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. సముద్రంలో ఆగితే చిన్న పడవల్లోకి దిగి ఒడ్డుకు వెళ్లాలి. అలలకు పడవ పైకీ కిందికీ కదులుతుంటే అందులో కాలు పెట్టాలి. మీకు దగ్గర్లోనే కొల్లాపూర్ పక్కన సోమశిల ఉంది కదా, ఒక ఆదివారం అమ్మానాయనలను కృష్ణలో లాంచీ ఎక్కించండి. నదిలో నీళ్లు నిలకడగానే ఉంటాయి. అక్కడే ఎక్కడానికి, దిగడానికి ఇబ్బంది పడితే సముద్రంలో ఆ ఒక్క రోజు వాళ్లు ఓడలోనే ఉండిపోవడం మంచిది. అప్పుడు బాల్కనీకి పెట్టిన డబ్బు ఇంకా బాగా అక్కరకొస్తుంది. ఒడ్డు మీద తిరిగే టూర్‌కు మాత్రం వాళ్ల పేర్లు రాయించొద్దు, ఆ డబ్బు మిగులుతుంది.

ఇక డబ్బు సంగతి. నాయన ఎఫ్‌డీ జోలికి పోకండి. గడువుకు ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో అర శాతం నుంచి ఒక శాతం దాకా కోస్తాయి. దానికంటే పెద్ద నష్టం, నెలనెలా మందులకు ఆసరాగా ఉండే డబ్బు నాలుగు రోజుల్లో అయిపోవడం. ఆయన ప్రేమతో ఇస్తానంటున్నారు, మీరు ప్రేమతోనే వద్దనండి. క్రెడిట్ కార్డు ఈఎంఐ కూడా వద్దు. నో కాస్ట్ అని రాసి ఉన్నా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్‌టీ ఉంటాయి. ఒక్క వాయిదా తప్పితే కార్డు వడ్డీ ఎంత వేగంగా పెరుగుతుందో మీకు తెలియనిది కాదు.

అన్నదమ్ముల మధ్య వాటా తలల లెక్కన వేసుకోకండి. ఎవరి కుటుంబం ఖర్చు వారిది, అమ్మానాయనల ఖర్చు చెరి సగం. వాళ్లిద్దరికి 88,000, చార్జీలు 18,000, మొత్తం 1,06,000. చెరొకరికి 53,000. మీ ముగ్గురి గది 66,000, పాప పడక 20,000, మీ నలుగురి చార్జీలు 36,000. అంటే మీ వాటా 1,75,000. తమ్ముడికి గది 66,000, ముగ్గురి చార్జీలు 27,000, అమ్మానాయనల సగం కలిపి 1,46,000. ఈ లెక్క ఇప్పుడే ఇద్దరూ కూర్చుని, మీ భార్యల ముందే మాట్లాడుకోండి. బాల్కనీ వాళ్లకెందుకు, మాకెందుకు లేదు అన్న మాట ఓడెక్కాక రాకూడదు.

దసరాకు వెళ్లాలంటే డబ్బంతా సెప్టెంబరు మొదట్లోనే కట్టాల్సి రావచ్చు. మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు 13,000 చొప్పున 78,000, చేతిలో ఉన్న 60,000తో 1,38,000. ఇంకో 37,000 తక్కువ పడుతుంది, అప్పు తప్పదు. అదే సంక్రాంతి సెలవులకు మార్చుకుంటే నవంబరు దాకా తొమ్మిది నెలలు, 1,17,000. ఉన్న 60,000 కలిపితే 1,77,000. మీ వాటా సరిపోయింది. సముద్రం లెక్కన చూసినా జనవరే మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం, జనవరిలో అరేబియా సముద్రం సాధారణంగా నిమ్మళంగా ఉంటుంది. నెలనెలా 13,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, 60,000లో అడ్వాన్సు పోగా మిగిలేది చిన్న గడువు ఎఫ్‌డీలో పెట్టండి. ఇంత తక్కువ కాలానికి షేర్లు, మ్యూచువల్ ఫండ్లు వద్దు.

పై ఖర్చులు ఇంకా ఉన్నాయి. హైదరాబాద్ నుంచి ముంబైకి రైలు టికెట్లు, అక్కడ ఒక రాత్రి హోటల్, ఒడ్డు మీద టూర్లు. ఓడ ఎవరి కోసమూ ఆగదు, రైలు ఆలస్యమైతే అంతే సంగతులు, కాబట్టి ఒక రోజు ముందే ముంబై చేరండి. సీఎస్‌ఎంటీ స్టేషన్ నుంచి ఓడరేవు దగ్గరే. కోయిల్‌సాగర్ కింద నాయన పొలం కౌలుకిచ్చారని రాశారు కదా. వానాకాలం వడ్లు అమ్మాక ఆ కౌలు డబ్బు వస్తుంది. ఏదో ఒకటి తానూ పెట్టాలని ఆయనకు ఉంది కాబట్టి, ఈ పై ఖర్చులు ఆ డబ్బులోంచి పెట్టనివ్వండి. ఎఫ్‌డీ కదలదు, ఆయన మాటా నిలుస్తుంది.

తమ్ముడు సింగపూర్ ఓడల పేరెత్తాడని కూడా రాశారు. తొమ్మిది మందికి పాస్‌పోర్టులు, వీసాలు, విమాన టికెట్లు, పైగా విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ (ప్యాకేజీ అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను). టీసీఎస్ తర్వాత రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది కానీ ముందు చేతిలోంచి పోతుంది. మొదటిసారికి ముంబై చాలు.

ఓడలో తిండి ధరలోనే కలిసి ఉంటుంది. వైఫై, మద్యం, కొన్ని ప్రత్యేక హోటళ్లు, డాక్టరు ఫీజు విడిగా కట్టాలి. నడిసముద్రంలో ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే ఓడ సిగ్నల్ పట్టుకుని బిల్లు వాచిపోతుంది. నాయన బీపీ, షుగర్ మాత్రలు చేతి సంచిలోనే ఉంచండి, పెద్ద సామాను గదికి చేరేసరికి కొన్ని గంటలు పడుతుంది. గదిలో దీపం, అగర్‌బత్తి వెలిగించనివ్వరు. అమ్మకు ఈ సంగతి ఇంట్లోనే చెప్పండి, అక్కడికెళ్లాక చెబితే మనసు కష్టపెట్టుకుంటారు.

అడ్వాన్సు కట్టే ముందు ఏజెంటు దగ్గర మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి. మూడు గదుల నంబర్లు: నంబరు బదులు జీటీవై అని ఉంటే ఏ గది ఇవ్వాలో కంపెనీ ఇష్టం, మీ గదులు ఓడకు ఆ కొసన ఒకటి ఈ కొసన ఒకటి పడొచ్చు, కాబట్టి చవకైనా వద్దు. రెండు లోపలి గదులూ పక్కపక్కన, బాల్కనీ గది అదే అంతస్తులో ఎదురుగా ఉండాలని అడగండి. రెండోది, రద్దు చేసుకుంటే ఏ తేదీ దాకా ఎంత తిరిగి వస్తుందో. మూడోది, తొమ్మిది మందికి చెప్పిన 81,000లో అన్నీ కలిసి ఉన్నాయా, ఓడలో మళ్లీ రోజువారీ సర్వీసు చార్జీ అడుగుతారా అన్నది. ప్రయాణ బీమా తీసుకుంటే అమ్మానాయనలకు ముందు నుంచీ ఉన్న జబ్బుల గురించి దాచకుండా రాయండి. దాచినట్టు తేలితే క్లెయిమ్ ఇవ్వరు. అడ్వాన్సును మాత్రం మీ 60,000లోంచే కట్టండి, మీ పేరు మీదే రసీదు తీసుకోండి.