రోజూ వేడి టిఫిన్ వండకపోతే పిల్లలకు అన్యాయం చేసినట్టేనా?

ప్రశ్న: మాది నెల్లూరు. పన్నెండేళ్లుగా బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర ఉంటున్నాం. నాకు 37 ఏళ్లు. ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. పాపకు పదకొండేళ్లు, బాబుకు ఆరు. మామగారు పోయాక, రెండేళ్ల క్రితం అత్తయ్య మా దగ్గరకు వచ్చేశారు. పిల్లలకు పొద్దున్నే వేడి టిఫిన్ పెట్టాల్సిందేనని ఆమె పట్టుదల. స్కూల్ వ్యాన్ 7.05కి వస్తుంది కాబట్టి నేను 4.45కే లేచి టిఫిన్, మధ్యాహ్నం బాక్సులు అన్నీ సిద్ధం చేస్తాను. ఒకరోజు ఒంట్లో బాగాలేక కార్న్‌ఫ్లేక్స్ పెడితే, "పొయ్యి వెలిగించకుండానే బిడ్డల్ని స్కూలుకి తోలేస్తారా?" అని అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మా వారు ఏది పెట్టినా తింటారు, దేనికీ వంక పెట్టరు. పాప మాత్రం రోజూ సగం వదిలేస్తుంది. పోయిన వారం దోస వదిలి లేచిపోతుంటే కోపం పట్టలేక చెయ్యి చేసుకున్నాను. ఏడుస్తూనే వ్యాన్ ఎక్కింది. పిల్లలు వదిలేసిన ముక్కలు స్టవ్ పక్కన నిలబడి తినేసి పనిలో కూర్చుంటాను. రోజూ వేడిగా వండి పెట్టలేకపోతే నేను మంచి తల్లిని కానా?

జవాబు: మీరు అడిగినదానికి ముందు సూటిగా సమాధానం చెబుతాను. పిల్లలు స్కూలుకు వెళ్ళేలోగా వాళ్ళ కడుపులో సరైన తిండి పడాలి, అది మాత్రం నిజం. ఆ తిండి అప్పుడే పొయ్యి మీద నుంచి దిగినదై ఉండాలన్న నియమం ఏదీ లేదు. వేడి రుచిని పెంచుతుంది, చలిగా ఉన్న పొద్దున హాయినిస్తుంది, అంతకుమించి పోషణను పెంచదు. ఉడికించిన గుడ్డు చల్లారినా అందులోని మాంసకృత్తులు ఎక్కడికీ పోవు. రాత్రి కాచి ఉంచిన రాగిజావలో పొద్దున మజ్జిగ కలిపి ఇచ్చినా రాగుల్లోని కాల్షియం అలాగే ఉంటుంది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని గుర్తుంచుకుంటే, వారంలో రెండు రోజులు జావ పెట్టడాన్ని ఎవరూ తక్కువ చేసి చూడలేరు.

మన ఇళ్ళలో రోజూ ఇడ్లీ, దోస అన్నది చాలామంది అనుకునేంత పాత ఆచారం కూడా కాదు. రోట్లో పప్పు రుబ్బుకున్న కాలంలో అవి పండగకో, చుట్టాలు వచ్చినప్పుడో చేసుకునేవి. ఇంటింటికీ గ్రైండరు, ఫ్రిజ్ వచ్చాకే అవి రోజువారీ తిండి అయ్యాయి. అంతకుముందు పల్లెల్లో పిల్లలు బడికి, పెద్దలు పొలానికి చద్దన్నమో అంబలో తాగి, తిని వెళ్ళేవారు. "పెద్దల మాట చద్దన్నం మూట" అన్న సామెతలో పెద్దల మాటకు సాటిగా నిలబెట్టింది రాత్రి మిగిలిన అన్నాన్నే కదా. మీ అత్తగారి చిన్నతనం కూడా ఉల్లిపాయ, మాగాయ ముక్క నంజుకుని చద్దన్నం తిన్న చిన్నతనమే అయి ఉండే అవకాశం ఎక్కువ. తీరిగ్గా ఉన్న ఒక సాయంత్రం ఆమెను అడిగి చూడండి. కానీ వాదనలో గెలవడానికి అడగవద్దు. ఆమె చెప్పే కథను పిల్లల ముందు చెప్పనివ్వండి.

ఎందుకంటే ఆమె కన్నీళ్ళు కార్న్‌ఫ్లేక్స్ కోసం వచ్చినవని నేను అనుకోవడం లేదు. నెల్లూరులో ఆ ఇంటి పొయ్యి ఆమెది, తెల్లవారుజామున దాన్ని వెలిగించే హక్కు ఆమెది. భర్త పోయాక, భాష తెలియని ఊళ్ళో, పై అంతస్తులోని ఇంట్లో, తనది కాని వంటింటి గుమ్మం దగ్గర నిలబడిన మనిషికి "పొయ్యి వెలగలేదు" అన్న మాటలో ఎంత దిగులు ఉంటుందో ఒకసారి ఆలోచించండి. ఆమె కోరిక మీ నిద్రను హరిస్తోంది, అందులో సందేహం లేదు. అయినా ఆ కోరిక వెనక ఉన్నది మీ మీద ద్వేషం కాదని మీరు గుర్తిస్తే, ఆమెతో మాట్లాడే గొంతు మారుతుంది. "అత్తయ్యా, రోజూ 4.45కి లేవడం నా ఒంటికి పట్టడం లేదు, నాకు మీ సాయం కావాలి" అని అడిగి చూడండి. "మీ పట్టుదల వల్లే ఇదంతా" అన్న మాటతో మొదలుపెడితే ఆమె మళ్ళీ కళ్ళు తుడుచుకోవడం తప్ప ఏమీ జరగదు. ఆమెకు చేతనైన పని అప్పగించండి. కందిపొడి, కరివేపాకు పొడి ఆమె చేత్తో సీసాలకు ఎత్తితే, చల్లటి అన్నంలో కూడా ఆమె వంట ఉన్నట్టే. పిండి సంగతీ ఆమెకే వదిలేయండి. నెల్లూరు ఉక్కలో రాత్రి రుబ్బితే తెల్లారేసరికి పొంగే పిండి, డిసెంబరు, జనవరి నెలల బెంగళూరు చలికి పన్నెండు గంటలైనా కదలకపోవడం ఆమెకూ కొత్తే. గిన్నెకు దుప్పటి చుట్టి, అది ఎప్పుడు పులుస్తుందో కనిపెట్టే ఓపిక ఈ ఇంట్లో ఆమెకే ఎక్కువ ఉంటుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టిన రెండు వాక్యాల దగ్గరకు వస్తాను. మీ భర్త గురించి మీరు రాసింది, "ఏది పెట్టినా తింటారు, దేనికీ వంక పెట్టరు" అని. దాన్ని మీరు ఆయన మంచితనంగా రాశారు. 4.45 నుంచి 7.05 దాకా రెండు గంటల ఇరవై నిమిషాల్లో ఆయన ఎక్కడ ఉంటారో మాత్రం రాయలేదు. పళ్ళెం ముందుకు వచ్చేసరికే ఆయన మీ కథలో కనిపిస్తున్నారు. అత్తగారికీ మీకూ మధ్య నలుగుతున్న విషయంలో, ఆ ఇద్దరికీ చెందిన ఏకైక మనిషి మౌనంగా ఉండడాన్ని నేను మంచితనం అనలేను. ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు. 2019లో కేంద్ర గణాంక శాఖ జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనుల్లో పాలుపంచుకునే ఆడవాళ్ళు వాటి మీద రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, పాలుపంచుకునే మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారు. ఆ పాలుపంచుకునే మగవాళ్ళు కూడా నలుగురిలో ఒకరే. ఉద్యోగం ఇద్దరిదీ అయినప్పుడు తెల్లవారుజాము ఒకరిదే ఎలా అయిందో ఆయనను కూర్చోబెట్టి అడగవలసిన బాధ్యత మీకుంది. అడిగాక, వారంలో కనీసం మూడు ఉదయాలు పూర్తిగా ఆయనవి కావాలి. "సాయం చేస్తాను" అన్న మాటకు ఒప్పుకోకండి. ఏం పెట్టాలో ఆలోచించడం, ముందురోజు రాత్రి సిద్ధం చేయడం, పిల్లలను తినిపించి వ్యాన్ ఎక్కించడం, అన్నీ ఆయన చేయాలి. వేడి టిఫిన్ కుదరదని తల్లికి చెప్పవలసిన రోజున ఆ మాట కూడా ఆయన నోటి నుంచే రావాలి. కోడలు చెబితే ధిక్కారంగా వినిపించే మాట, కొడుకు చెబితే ఇంటి నిర్ణయంగా వినిపిస్తుంది. ఇది న్యాయం కాకపోయినా, మన ఇళ్ళలో ఇంకా ఉన్న వాస్తవం.

రెండో వాక్యం, మీరు స్టవ్ పక్కన నిలబడి తింటున్న ముక్కల గురించి. పాప వదిలిన దోస అంచు, బాబు నమిలి పక్కన పెట్టిన ఇడ్లీ తునక, గిన్నె అడుగున ఎండిపోయిన చట్నీ: ఇంటిల్లిపాదికీ వేడి టిఫిన్ అమరాలని రెండేళ్లుగా తెల్లారకుండా లేస్తున్న మనిషి, రెండేళ్లుగా ఒక్క పూట కూడా వేడి టిఫిన్ తినలేదు. అత్తగారి నియమం మీకు వర్తించనిది ఎందుకైంది? మీ కడుపు ఆ ఇంటి లెక్కలో లేకుండా పోయింది, ముందుగా లేకుండా చేసుకున్నది మీరే. రెండేళ్ల నిద్రలేమి, ఎంగిలి పలహారం కలిసిన చోటనే పాప మీద చెయ్యి లేచిందని నాకు అనిపిస్తోంది.

ఆ పాప విషయానికి వస్తే, నిద్ర లేచిన అరగంటకే ఆకలి వేయని పిల్లలు చాలామంది ఉంటారు. రాత్రి భోజనం తొమ్మిదిన్నర దాటితే మరీను. భోజనాన్ని ఎనిమిదింటికి జరిపి, పడక ఒక గంట ముందుకు తెచ్చి రెండు వారాలు చూడండి. పొద్దున అరటిపండు, గ్లాసు పాలు తాగి, మిగతా టిఫిన్ చిన్న విరామానికి డబ్బాలో తీసుకెళ్తానంటే అలాగే పంపండి. అది అన్యాయం కాదు. బరువు తగ్గుతున్నా, కళ్ళు తిరుగుతున్నాయని చెప్పినా పిల్లల డాక్టరుకు చూపించాలి. లేనిపక్షంలో సగం మిగిలిన దోస మీ పెంపకానికి మార్కుల కాగితం కాదు. అయితే చెయ్యి చేసుకున్న సంగతిని అలా వదిలేయకండి. పదకొండేళ్ల పిల్లకు అన్నీ గుర్తుంటాయి. "ఆ రోజు నేను కొట్టడం తప్పు, నువ్వు దోస వదిలేయడం అంత పెద్ద తప్పు కాదు" అని ఆమె పక్కన కూర్చుని చెప్పండి. ఆ తర్వాత "కానీ" అనే మాట రానివ్వకండి.

పొయ్యి వెలిగించని రోజుల్లో ఏం పెట్టాలన్నది మిగిలినవాటికంటే తేలిక. సాయంత్రం కలిపిన పులిహోర పొద్దునకు మరింత బాగుంటుంది. పెరుగులో నానిన అటుకులకు ముందురోజే వేయించి ఉంచిన పోపు కలిపితే ఐదు నిమిషాల పని. రాత్రి ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్లు, వేరుశనగ చిక్కీ, రాగిజావ ఉండనే ఉన్నాయి. మిగిలిన అన్నాన్ని గంటల తరబడి గట్టు మీద వదిలేయకుండా, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టడం ఒక్కటి మరవకండి. కార్న్‌ఫ్లేక్స్ నెలకు నాలుగుసార్లు పెట్టినా ఏమీ కాదు, డబ్బా మీద చక్కెర ఎంత ఉందో చదివి కొనండి. వేడిగానే ఉండాలనిపించిన రోజున రవ్వ ఇడ్లీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం దొరకనప్పుడు తామే దాన్ని మొదలుపెట్టామని మీ బెంగళూరులోని మావళ్ళి టిఫిన్ రూమ్స్ హోటల్ వారు చెబుతారు. రాత్రంతా పులియనవసరం లేని ఇడ్లీ అది, మీ చలికాలానికి సరిపోతుంది.

శనివారం మాత్రం పొయ్యి వెలగాలి. ఆ రోజు వ్యాన్ లేకపోతే తొందరా ఉండదు. దోసలు మీ భర్త వేయాలి. మీరు, అత్తయ్య, పిల్లలు ముందుగానే బల్ల దగ్గర కూర్చోవాలి. ఆయన మొదటి దోస పెనానికి అంటుకుపోతుంది, రెండోది మధ్యలో చిరుగుతుంది. అత్తయ్య ఆగలేక అట్లకాడ అందుకోవడానికి లేస్తారు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టండి. మూడో దోస సరిగ్గా వస్తే అది మీ పళ్ళెంలో పడాలి, దాన్ని వేడి తగ్గకముందే మీరే తినాలి.