ఇన్సూరెన్స్ తీసుకున్నాక కాలు చూపించుకోవచ్చా?

ప్రశ్న: మా నాన్నకు 58 ఏళ్లు. గాజువాకలో ఆటో నడుపుతారు. పదిహేనేళ్లుగా షుగర్, బీడీ అలవాటు ఉన్నాయి. కాస్త దూరం నడిస్తే పిక్క పట్టేస్తోంది, ఆగితే తగ్గుతోంది. నెల రోజులుగా బొటనవేలి మీద నల్లటి పుండు మానట్లేదు. హెల్త్ పాలసీ తీసుకుని ఆ తర్వాత చూపిద్దామనుకుంటున్నాం. ఆగొచ్చా?

జవాబు: ఆగొద్దు. పాలసీ ఇవాళ తీసుకున్నా, ముందునుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు. ఆ పుండు అన్నాళ్లు ఆగదు. షుగర్ సంగతి దాచి తీసుకుంటే క్లెయిమ్ దగ్గర బయటపడుతుంది.

మీ నాన్నగారి లక్షణాలు కాలి రక్తనాళాలు పూడుకుపోతున్నట్టు చెబుతున్నాయి. రాత్రి నొప్పికి లేచి, కాలు మంచం కిందికి వేలాడేస్తే హాయిగా ఉందంటున్నారా? అయితే జబ్బు ముదిరినట్టే. ఇన్సూరెన్స్ లేనివాళ్లలో కాలు తీసేయాల్సి రావడం ఎక్కువని అమెరికా అధ్యయనాల్లో తేలింది. వాళ్లు ఆస్పత్రికి ఆలస్యంగా రావడం అందుకు ఒక ముఖ్య కారణం. మన దగ్గర ఇంకో మెలిక ఉంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉన్నా అది చాలావరకు అడ్మిషన్‌కీ ఆపరేషన్‌కీ పనికొస్తుంది. ముందే పట్టుకునే ఓపీ పరీక్షకూ రోజూ వేసుకునే మాత్రలకూ మాత్రం జేబులోంచే తీయాలి. అందుకే పిక్క నొప్పిని వయసు మీదికి నెట్టేస్తారు.

రేపే విశాఖ కేజీహెచ్ ఓపీకి తీసుకెళ్లండి. రైస్ కార్డు, ఆధార్, పాత షుగర్ రిపోర్టులు వెంట ఉంచుకోండి. ఏపీ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ కిందికి వస్తారో లేదో అక్కడ ఆ పథకం సహాయకుడైన వైద్యమిత్రని అడగండి, లేదా 104కి ఫోన్ చేయండి.

కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో తెలియడానికి అక్కడ చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తారు. 0.9 కన్నా తగ్గితే నాళాల్లో అడ్డు ఉన్నట్టు. షుగర్ ఉన్నవాళ్లలో నాళాలు సున్నం పట్టి గట్టిపడతాయి కాబట్టి లెక్క మామూలుగానో ఎక్కువగానో రావచ్చు. దాన్ని చూసి ఊరుకోకండి, డాప్లర్ (రక్త ప్రవాహం చూసే స్కాన్), కాలి వేలి దగ్గర బీపీ కూడా చూడమనండి. ఆ వేలి బీపీ 30 కన్నా తక్కువైతే ప్రమాదమే. సీటీ యాంజియో (మందు ఎక్కించి రక్తనాళాలు చూసే స్కాన్) అంటే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించాలి.

డాక్టర్లు వేలు తీసేద్దామంటే, "రక్తం ఎంత చేరుతోందో చూశారా?" అని అడగండి. రక్తం అందని చోట కోస్తే ఆ గాయమూ మానదు. ముందు బెలూన్‌తోనో బైపాస్‌తోనో దారి తెరవగలరేమో చూడాలి.

ఈలోగా వేడినీళ్లలో కాలు పెట్టనివ్వకండి, స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు. పసర్లు, బ్లేడు వద్దు. బీడీ ఇవాళే ఆపాలి. కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే ఓపీ కోసం చూడకుండా 108 పిలవండి. అప్పుడు మీ చేతిలో ఉండేది ఆరు గంటలే.