వెనక ఇరుసు విప్పకుండా కొండ ఎక్కవద్దు

చిరంజీవి కిరణ్‌కు,

బాబాయి ఆశీస్సులు.

మొన్న రాజమండ్రి నుంచి అన్నయ్య ఫోను చేశాడు. "నీ పిచ్చి మావాడికి అంటుకుంది, వందేళ్ల కారు కొన్నాడట" అన్నాడు. తిడుతున్నాడో మురుస్తున్నాడో గొంతును బట్టి తేల్చుకోలేకపోయాను. 1923 ఫోర్డ్ మోడల్ టీ, అందులోనూ టూరింగ్! అద్దాల తలుపులు లేని బారు బండి, మడిచే టాపు, నల్ల రంగు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. మర్నాడు మీ అమ్మ మిగతా సంగతి చెప్పింది. అక్టోబరులో ఆకులు రంగు మారే వేళకు కోడలినీ చిన్నదాన్నీ ఎక్కించుకుని బ్లూ రిడ్జ్ పార్క్‌వే కొండరోడ్డు మీదికి వెళ్తావట. ఆ రాత్రీ నిద్ర లేదు, ఈసారి భయంతో.

ఫోనులో చెబితే "సరే బాబాయ్" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను.

నీకు తెలిసినవి ముందు కానిచ్చేస్తాను. ముందు అద్దం మామూలు గాజైతే తీసేసి, పగిలినా చెదరని గాజు వేయించు. చక్రాల చెక్క ఆకులు ఒక్కొక్కటీ చేత్తో పట్టి ఊపి చూడు, కిర్రుమంటే ఆ చక్రం తీసేయి. టైర్లలో గాలి తగ్గనివ్వకు, ఆ పాత రకం టైరు గాలి తగ్గితే రిమ్ము వదిలేస్తుంది. నూనె చూడటానికి పుల్ల ఉండదు. ఇంజిను అడుగున రెండు చిన్న కుళాయిలుంటాయి, బండి కిందికి దూరి విప్పాలి. పైదాన్లోంచి కారకుండా, కిందిదాన్లోంచి కారితే సరిగ్గా ఉన్నట్టు. పెట్రోలు ట్యాంకు ముందు సీటు కింద ఉంటుంది కాబట్టి కోడలిని లేపకుండా పెట్రోలు పోయలేవు. మీ పిన్ని ఎన్నిసార్లు లేచిందో, ఎన్నిసార్లు నన్ను చూసిందో!

హ్యాండిల్ సంగతి మాత్రం ఒక్క లైనులో వదలను. నీ బండికి ఎలక్ట్రిక్ స్టార్టర్ ఉందని విన్నాను. ఉన్నా సరే, హ్యాండిల్ తిప్పడం నేర్చుకో. స్టీరింగు కింద ఎడమవైపు మీట స్పార్కుది. తిప్పే ముందు అది పూర్తిగా పైకి ఉండాలి. కిందికి ఉంటే పిస్టన్ పైకి చేరక ముందే మంట అంటుకుని హ్యాండిల్ ఎదురు తిరుగుతుంది. ఎడమ చేత్తో, కింది నుంచి పైకి లాగు. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉండాలి, హ్యాండిల్ చుట్టూ పట్టుకున్నావో విరుగుతుంది. చలికాలంలో ఇంకో చిక్కుంది. నూనె గడ్డకట్టి క్లచ్ పలకలు అతుక్కుపోతాయి. ఇంజిను అందుకున్న మరుక్షణం బండి నీ మీదికి నడిచి వస్తుంది. డిట్రాయిట్‌లో మొదటి చలికాలం గ్యారేజి గోడకూ రేడియేటరుకూ మధ్య నిలబడి ఆ పాఠం నేర్చుకున్నాను. తరువాత నుంచి వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, మిగతా చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి తిప్పేవాడిని.

1974లో వచ్చాను ఈ దేశానికి. పగలంతా గేర్లు కోసే యంత్రం దగ్గర పని. ఆదివారం బస్సెక్కి హైలాండ్ పార్క్ వెళ్లి ఆ పాత ఫోర్డ్ ఫ్యాక్టరీ గోడల ముందు నిలబడేవాడిని. కదిలే అసెంబ్లీ లైను మీద కార్లు కట్టడం 1913లో మొదలైంది అక్కడే. చాసిస్, అంటే బండి అడుగు చట్రం, ఒక్కటి కట్టడానికి పన్నెండు గంటలకు పైగా పట్టేదల్లా గంటన్నరకు దిగింది. 1909లో 850 డాలర్లున్న టూరింగ్ 1920ల నడుమకు 300 లోపుకు వచ్చింది. రైతు కొనుక్కున్నాడు, వెనక చక్రానికి బెల్టు తగిలించి రంపం తిప్పుకున్నాడు. అలా కోటిన్నర బండ్లు. సరే, ఇవన్నీ నీకు ఇంటర్నెట్టులో దొరుకుతాయి.

పెడళ్లకు వద్దాం. మూడు ఉన్నాయి, ఒక్కటీ నీ హోండాలాంటిది కాదు. యాక్సిలరేటరు కాలి దగ్గర లేదు, స్టీరింగు కింద కుడి మీట. ఎడమ పెడలు పూర్తిగా నొక్కితే లో గేరు, వదిలేస్తే హై గేరు, నడుమ పట్టుకుంటే న్యూట్రల్. మధ్య పెడలు వెనక్కి వెళ్లడానికి. కుడిది బ్రేకు. నడుమ గేర్లు, వాటి చుట్టూ తిరిగే మూడు గేర్ల గుత్తులు, బయట డ్రమ్ములు. పెడలు నొక్కితే పట్టీ బిగిసి ఒక డ్రమ్మును ఆపుతుంది. ఏ డ్రమ్ము ఆగిందన్న దాన్ని బట్టి బండి ముందుకో వెనక్కో. గేర్లు కోసి బతికిన వాడిగా చెబుతున్నాను, అంత అందమైన ఆలోచన మళ్లీ చూడలేదు.

ఇక్కడ ఆగి రెండుసార్లు చదువు. కుడి పెడలు బ్రేకు చక్రాల దగ్గర లేదు. అది ఆపేది గేర్లపెట్టెలోని డ్రమ్మును. అక్కడి నుంచి చక్రం దాకా ఉన్న షాఫ్టు, దాని కొసనున్న చిన్న గేరు పినియన్, ఇరుసు మీది పెద్ద గేరు క్రౌన్, అన్నీ పట్టు మీద ఉంటేనే బ్రేకు. మధ్యలో ఒక్కటి వదిలితే మూడు పెడళ్లూ ఒట్టి ఇనప ముక్కలే.

క్రౌన్‌ను పినియన్‌కు ఆనించి ఉంచేవి ఇరుసు నడుమ ఉండే గేర్ల గుత్తికి, అంటే డిఫరెన్షియల్‌కు, చెరొకవైపు ఉండే వాషర్లు. ఫ్యాక్టరీలో వేసినవి బాబిట్‌వి, తగరం కలిసిన మెత్తటి తెల్ల లోహం. కొత్తలో బాగానే పనిచేశాయి. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నాక మాత్రం చెప్పాపెట్టకుండా పొడి అవుతాయి. క్రౌన్ పక్కకు జరుగుతుంది, పళ్లు వీడిపోతాయి.

ఇది నాకు ముందే తెలుసు. ఎలా తెలుసో చెబుతాను.

నేను 1921 టూరింగ్ కొన్నప్పుడు మా పక్కవీధిలో ఒక ముసలాయన ఉండేవాడు. జీవితమంతా లేతు మీద పనిచేసి రిటైరైనవాడు, భార్య పోయింది, పిల్లలు దూరం. మా గ్యారేజి తలుపు తెరిచి ఉంటే వచ్చి కూర్చునేవాడు. మీ పిన్ని పండగలకు పులిహోర పంపితే గిన్నె కడిగి, తుడిచి, అందులో ఏదో ఒక పండు పెట్టి తిరిగి ఇచ్చేవాడు. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని ఆయనకెవరు చెప్పారో! "ముందు ఇరుసు, తరువాత రంగు" అని మీ పిన్ని ఎదురుగానే నాకు పదిసార్లు చెప్పాడు. చివరకు తానే కంచుతో రెండు వాషర్లు తిప్పి, చిన్న పొగాకు డబ్బాలో పెట్టి తెచ్చాడు. మూత లోపల పెన్సిలుతో మందం కొలత కూడా రాశాడు.

అవి వేయాలంటే వెనక భాగం మొత్తం దించి హౌసింగు రెండుగా విప్పాలి. నాకు రంగు మీద మోజు. టాపు కుట్టించాను, లాంతర్లు మెరుగు పెట్టాను. చప్పుడు లేని ఇరుసును విప్పడమెందుకు అనుకున్నాను. రోజూ గేర్లు కోసేవాడికి ఎవరో చెప్పాలా అన్న పొగరు కూడా, దాచుకోవడమెందుకు. డబ్బా అలమరలో ఉండిపోయింది.

1986 వేసవిలో బండిని ట్రెయిలర్ మీద పిట్స్‌బర్గ్ తీసుకువెళ్లాం. పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి గుడి ముందు పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించాం. మర్నాడు యూనియన్‌టౌన్‌కు తూర్పున, చెస్ట్‌నట్ రిడ్జ్ మీదికి. పాత నేషనల్ రోడ్డు అక్కడ మైళ్ల తరబడి ఒకటే దిగుడు. పైన ఆగి నీళ్లు తాగుతుంటే మీ పిన్ని అడిగింది.

"ఆ పెద్దాయన ఇచ్చినవి వేశారా?"

"వేశాను" అన్నాను.

ఎడమ పెడలు తొక్కి, లో గేరులో పెట్టి, ఇంజిను మూలుగుతో బండిని పట్టుకుంటూ దిగుతున్నాను. సగం దూరంలో వెనక రాళ్లు నమిలిన చప్పుడు. వెంటనే ఇంజిను మూలుగు ఆగి, ఇంటి ముందు నిలిపినప్పటిలా హాయిగా గుడగుడలాడటం మొదలుపెట్టింది. ఆ హాయి చప్పుడు ఇప్పటికీ కలలో వస్తుంది. కుడి పెడలు నొక్కాను, ఏమీ లేదు. మధ్యది నొక్కాను, ఏమీ లేదు. చేతి మీట లాగాను. వెనక చక్రాల్లో దానికున్నవి గిన్నెలంత డ్రమ్ములు, క్షణం పట్టి వాసన కొట్టి జారిపోయాయి. ఎదురుగా మలుపు. కుడివైపు కొండ గట్టుకు వేసి రాసేశాను. ముందు చక్రం ఆకులు వంటచెరకులా విరిగాయి. మీ పిన్ని కుడి మణికట్టు విరిగింది. గాజులు పగిలి ఒడినిండా ఎర్ర ముక్కలు. ఆమె ముందుగా అన్న మాట "మీకేమీ కాలేదు కదా".

ఇంటికి వచ్చాక ఇరుసు విప్పాను. గ్రీజులో బూడిదరంగు పలుకులు, మాడిన రవ్వలా. కిరసనాయిలుతో కడిగి పారబోశాను. మీ పిన్ని కట్టు కట్టిన చేత్తో గుమ్మంలో నిలబడి "ఏమైంది" అని అడిగింది. "ఆయన చేసిన వాషర్లు ఆగలేదు" అన్నాను.

కిరణ్, నలభై ఏళ్లు కావస్తోంది, ఆ వాక్యం ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఆమె ఆయనను ఒక్క మాట అనలేదు, అది ఆమె స్వభావం కాదు. కానీ ఆ దసరాకు పులిహోర వెళ్లలేదు. ఉగాదికీ వెళ్లలేదు. ఆయన కొన్నాళ్లు మా గ్యారేజి ముందు నుంచి నెమ్మదిగా నడిచి వెళ్లేవాడు. నేను తలుపు వేసి ఉంచేవాడిని. రెండేళ్లకు పోయాడు. బండిని ఉన్నది ఉన్నట్టు చెప్పి, విరిగిన చక్రంతోనే అమ్మేశాను.

ఇప్పుడు నువ్వు చేయవలసింది విను. ఇరుసు విప్పు. అమ్మినవాడు మార్చానని చెప్పినా విప్పు, నాలాంటివాడు కావచ్చు. కంచు వాషర్లు వేసి, సందు నువ్వే కొలిచి బిగించు. తరువాత వెనక చక్రాలకు రాకీ మౌంటెన్ బ్రేకులు పెట్టించు. డ్రమ్మును బయటి నుంచి పట్టీతో పట్టేవి, ఈ బండ్ల వాళ్లందరికీ తెలుసు, కొత్తగా చేసినవి దొరుకుతాయి. షాఫ్టు ఏమైనా అవి చక్రాన్ని పడతాయి. దిగేటప్పుడు లో గేరు వదలకు. పెట్రోలు సగానికి తగ్గనివ్వకు, ట్యాంకు నుంచి కార్బురేటరుకు తనంతట తానే పారాలి, నిటారైన ఎక్కుడులో తక్కువుంటే అందదు. అప్పట్లో అలాంటి చోట బండి తిప్పి వెనక్కి నడుపుతూ ఎక్కేవారు, పార్క్‌వే మీద నువ్వు ఆ పని చేయకు. అక్కడ వేగ పరిమితి 45 మైళ్లు, నీ బండి శక్తి అంతా పెడితే అంత. వెనక వచ్చేవాళ్లకు ఓపిక ఉండదు, పక్కకు తీసి దారి ఇవ్వు. బెల్టుల్లేని ఆ సీట్లో చిన్నదాన్ని మాత్రం ఈ ఏడాది కూర్చోబెట్టవద్దు. అది ఏడుస్తుంది. ఏడవనీ. నా పేరు చెప్పు, తిట్టుకుంటే నన్ను తిట్టుకుంటుంది.

ఇంత రాశాను కదా అని వెళ్లవద్దంటున్నానని అనుకోకు. లో గేరులోంచి హైకి మారినప్పుడు ఆ బండి ఒక్కసారి ఊపిరి వదిలినట్టు తేలికవుతుంది చూశావూ, అది నువ్వు చూడాలని నాకుంది. మెకానిక్కుతో కాదు, నీ చేత్తోనే విప్పు. వీలైతే సెప్టెంబరులో నన్ను పిలువు. కింద పడుకోలేను గానీ స్పానర్లు అందిస్తాను.

దీంతో పాటు పొగాకు డబ్బా పంపుతున్నాను. 1921 బండికి, నీ 1923కు ఆ వాషర్లలో తేడా లేదు. మూతలో పెన్సిలు గీతలు ఇంకా కనిపిస్తున్నాయి, తుడవకు.

మా ఇంట్లో పార్సెలు కట్టి పోస్టాఫీసుకు తీసుకువెళ్లేది మీ పిన్నే. చదవకుండా ఏ ఉత్తరాన్నీ అంటించదు, నీకు తెలుసు. డబ్బా మూత తెరిచే ఉంచి, దాని పక్కన ఈ కాగితాలు మడవకుండా పెట్టి నేను నడకకు వెళ్తున్నాను.

మీ బాబాయి