గీత అడ్డమా, నిలువా?

చెన్నై

అమ్ములూ,

శ్రీపెరుంబుదూరులో ప్లాస్టిక్ ఫిల్మ్ మీద ద్రవాన్ని పూతగా వేసే కోటింగ్ లైను నీ చేతికి ఇస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పొంగిపోయాను. ఆ వెంటనే గుండెలో దడ మొదలైంది, అందుకే ఈ ఉత్తరం.

ఫిల్మ్‌ను డైన్ పెన్నుతో గీసి పూత పరుచుకుంటుందో లేదో చూడటం, ద్రవాన్ని వడకట్టి గాలి తీయడం నీకు వచ్చు. ఏసీ గదిలోంచి తెచ్చిన రోల్‌ను మాత్రం వెంటనే విప్పకు, మన ఊరి గాలికి చెమ్మ పట్టి పూతలో గుంటలు పడతాయి. తడి పూత మందం నోటిలెక్కే: నిమిషానికి 300 మిల్లీలీటర్ల ద్రవం, 300 మిల్లీమీటర్ల వెడల్పు, నిమిషానికి 10 మీటర్ల వేగం అయితే 100 మైక్రాన్లు. డై పెదవికీ, అంటే ద్రవం బయటికొచ్చే సన్నటి చీలిక అంచుకీ, ఫిల్మ్‌కూ మధ్య సందు దానికి రెండింతలు మించనివ్వకు.

ఫిల్మ్ పొడవునా నిలువు గీత ఒకేచోట నిలిచిందంటే పెదవిలో నలుసో, బుడగో ఇరుక్కుంది. షిమ్ అనే పల్చటి ప్లాస్టిక్ రేకు‌తో తీయి. ఇనప బ్లేడు పెట్టావో, ఆ గాటు ఇక శాశ్వతం.

ఫిల్మ్ వెడల్పున పడే అడ్డగీతల దగ్గరే అందరూ బోర్లాపడతారు. చూడగానే "ద్రవం చిక్కగా ఉంది" అని పల్చబరిచే ద్రావకం, అదే సాల్వెంట్, పోస్తారు. గీతలు అలాగే ఉంటాయి, పైగా ఘనపదార్థం శాతం తగ్గి ఎండిన పూత పల్చనవుతుంది. ఒక రోగానికి రెండు రోగాలు! ముందు టేపు తీసి గీతకూ గీతకూ మధ్య దూరం కొలువు. 628 మిల్లీమీటర్లు వస్తే 200 మిల్లీమీటర్ల వ్యాసమున్న రోలర్‌ను అనుమానించు, దాని చుట్టుకొలత అంతే. 20 మిల్లీమీటర్లు వచ్చి ఏ రోలర్‌కూ సరిపోకపోతే, పంపును కదపకుండా లైనును 10 నుంచి 12 మీటర్లకు పెంచు. దూరం 24 అయిందా, సెకనుకు 8 సార్లకు పైగా ఏదో అదురుతోంది: పంపో, ఫ్యానో, పక్క మోటారో. పంపునూ కలిపి పెంచావంటే పరీక్ష పాడైనట్టే, పంపు దోషం కూడా దూరం మారకుండా రోలర్ దోషంలా కనబడుతుంది.

ఎండాక సూదిరంధ్రాలు తేలితే డ్రయ్యర్ మొదటి జోన్ వేడి తగ్గించు. పైన పొర కట్టాక లోపలి సాల్వెంట్ దాన్ని చీల్చుకుని వస్తుంది. త్వరగా ఎండాలని అక్కడే వేడి పెంచేవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు.

ఇంకొకటి, ఇది బతిమాలుతున్నానమ్మా. తిరుగుతున్న రోలర్ మీద మరక కనబడితే గుడ్డతో తుడవకు. రెండు రోలర్ల నడుమ గుడ్డ చిక్కితే చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. లైను ఆపు, పోతే పది మీటర్ల ఫిల్మ్ పోతుంది. చున్నీ బీరువాలోనే ఉండనీ. సాల్వెంట్ డ్రమ్ముకు ఎర్త్ వైరు తగిలించారో లేదో రోజూ నీ కళ్ళతో చూడు.

మొదటి రోజే అన్ని రోలర్ల వ్యాసాలూ కొలిచి, చుట్టుకొలతల పట్టీ డై పక్కన అతికించు. స్టీలు టేపు నా సొరుగులో ఉంది, ఆదివారం భోజనానికొచ్చి పట్టుకెళ్ళు.

మీ మామయ్య