టెక్ సందేహాలు: రెండు చక్రాలే మార్చుకోవచ్చా?

ప్రశ్న: మా ఆల్ వీల్ డ్రైవ్ (ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ అందే) సెడాన్‌కు కంపెనీ ఇచ్చిన టైర్లు 225/45 ఆర్17 (వెడల్పు 225 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం, రిమ్ము 17 అంగుళాలు), రిమ్ములు 7.5జె (7.5 అంగుళాల) వెడల్పు, ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యరేఖకూ కారుకు బిగించే ముఖానికీ మధ్య దూరం) 48 మి.మీ. వీటి స్థానంలో 18 అంగుళాల 8.5జె రిమ్ములు (ఆఫ్‌సెట్ 35), 235/40 టైర్లు వేయించాలనుకుంటున్నాను. వెనక టైర్లు ఇంకా బాగానే ఉన్నాయి కాబట్టి ప్రస్తుతానికి ముందు రెండే మార్చుకోవచ్చా? సైజు లెక్కగట్టే యాప్ మాత్రం ‘తేడా 1.7 శాతం, ఫర్వాలేదు’ అంటోంది.

జవాబు: యాప్ చెప్పిన లెక్క సరైనదే. అయితే అది పాత సైజునూ కొత్త సైజునూ పక్కపక్కన పెట్టి పోల్చిందే తప్ప, ఆ రెండూ ఒకే కారు కింద కలిసి తిరిగితే ఏమవుతుందో చెప్పలేదు. పాత టైరు వ్యాసం 634 మి.మీ., కొత్తది 645 మి.మీ. ఈ లెక్కన ఒక కిలోమీటరు దూరానికి పాతది సుమారు 502 సార్లు తిరిగితే కొత్తది 493 సార్లే తిరుగుతుంది. ముందు వెనకల మధ్య ఇలాంటి తేడా మలుపుల్లో కాసేపు రావడం మామూలే; దాన్ని సర్దడానికే మధ్య డిఫరెన్షియల్ గానీ, క్లచ్ ప్లేట్ల కప్లింగ్ గానీ ఉంటుంది. మీరు చెప్పినట్టు చేస్తే తిన్నటి దారిలో సైతం అది గంటల తరబడి ఆగకుండా సర్దుకుంటూనే ఉండాలి. నూనె వేడెక్కుతుంది, ప్లేట్లు అరుగుతాయి, చివరికి ఆదా చేసిన రెండు టైర్ల ధరకు ఎన్నో రెట్లు మరమ్మతుకు పెట్టాల్సివస్తుంది. కాబట్టి మారిస్తే నాలుగూ మార్చండి, లేదా నాలుగూ అరిగేదాకా ఆగండి.

ఈ విషయంలో తయారీదారుల పట్టింపు చాదస్తం కాదు. నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య తేడా పావు అంగుళం, అంటే 6.4 మి.మీ. దాటకూడదని సుబారు చెబుతుంది. ట్రెడ్ (నేలను తాకే గాడుల పొర) ఒక్క మిల్లీమీటరు అరిగితేనే చుట్టుకొలత 6.3 మి.మీ. తగ్గుతుందని గమనిస్తే ఆ హద్దు ఎంత చిన్నదో అర్థమవుతుంది. ఒకే సైజైనా, మూడు పాత టైర్ల మధ్య ఒక కొత్త టైరు పెట్టడం కూడా ఇదే తప్పు అవుతుంది.

ఇక నాలుగూ మార్చేటప్పుడు మీరు ఎంచుకున్న రిమ్ము గురించి. వెడల్పు ఒక అంగుళం పెరగడం వల్ల అంచు రెండు వైపులా 12.7 మి.మీ. చొప్పున జరుగుతుంది, ఆఫ్‌సెట్ 13 మి.మీ. తగ్గడంతో చక్రం మొత్తం అంతమేర బయటికి వస్తుంది. ఫలితంగా లోపలి అంచు దాదాపు పాత చోటే ఉండిపోగా, బయటి అంచు 25.7 మి.మీ. ఇంకా బయటికి వస్తుంది. చూడటానికి బాగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ వెనక సీట్లో ముగ్గురు కూర్చున్నాక గుంతలో పడితే టైరు ఫెండర్ అంచుకు రాసుకునే ప్రమాదం ఉంది, హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) బేరింగుల మీద భారమూ పెరుగుతుంది.

నన్నడిగితే 8జె, ఆఫ్‌సెట్ 45 రిమ్ము తీసుకుని 225/40 ఆర్18 టైరు వేయించమంటాను. బయటికి 9 మి.మీ., లోపలికి 3 మి.మీ. మాత్రమే జరుగుతుంది, వ్యాసంలో తేడా అర శాతం లోపే ఉంటుంది కాబట్టి స్పీడోమీటరుకూ ఇబ్బంది ఉండదు. ఇక్కడ చాలామంది చూడకుండా వదిలేసే అంకె ఒకటుంది. అది టైరు మోయగల బరువును తెలిపే భార సూచిక. మీ పాత టైరు పక్కగోడ మీద సైజు తర్వాత 91 అని ఉంటే అది 615 కిలోలు మోస్తుందని అర్థం. 225/40 ఆర్18 మామూలు రకం సూచిక 88, అంటే 560 కిలోలే. 92 సూచిక ఉన్న ఎక్స్‌ఎల్ (ఎక్కువ భారం మోసే) రకమే అడిగి తీసుకోండి. అది 630 కిలోలు మోస్తుంది, కాకపోతే గాలి కాస్త ఎక్కువ పట్టాల్సి రావచ్చు. సైడ్‌వాల్ (పక్కగోడ) ఎత్తు 101 నుంచి 90 మి.మీ.కు తగ్గుతుంది గనుక గతుకుల దెబ్బ రిమ్ముకు మరింత తగులుతుంది.

బోల్టు రంధ్రాల సంఖ్య, వాటి వలయ వ్యాసం, నట్టు కూర్చునే ఆకారం అచ్చంగా సరిపోవాలి. మధ్య రంధ్రం హబ్ కంటే పెద్దదైతే సరైన కొలత రింగు వేయించండి, లేకపోతే వేగం పెరిగినప్పుడు స్టీరింగు వణకవచ్చు.

బిగించాక గాలి సరిచూసి, ఒక్కో టైరు అడుగునా దాని కింద నేల మీదా సుద్దతో గీత పెట్టి, కారును తిన్నగా ఒక చుట్టు నెట్టించి, గీత మళ్లీ నేలను తాకిన చోట మరో గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య దూరాన్ని నాలుగు చక్రాలకూ టేపుతో కొలిచి, అంకెలు పోల్చి చూసుకున్నాకే దూర ప్రయాణానికి తీయండి.