స్నేహశిల మీద ఎవరి పేర్లు లేవో చూడు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథ అందింది. పెట్టెలో వచ్చిన చెప్పులు చూసి "ఇవి మా గుంటడివి కావు, ఆడి కాలు ఇంత పెద్దది కాదు" అన్న తల్లి మాట చాలా బాగుంది. ఆ ఒక్క మాట కోసమే కథ చివరిదాకా చదివాను. చివర్లో బీచ్ రోడ్డు మీద రాయబారి గారి ఉపన్యాసం రెండున్నర పేజీలు పెట్టావు చూడు, అక్కడ ఒళ్ళు మండింది. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

నీ కథలో శ్రీకాకుళం జిల్లా కవిటి కుర్రాడు దోహాలో ఫ్లైఓవరు కడుతూ పడి చనిపోయాడు. ఏడాది తిరిగేసరికి మన విశాఖలో స్మారకశిల లేచింది. దాని మీద "రెండు దేశాల మైత్రికి ప్రతీకలు" అని రాసి, కింద 11 పేర్లు చెక్కారు. పదకొండూ మనవాళ్ళవే. ఆ ఫ్లైఓవరు మీద నేపాలీలు లేరా? బంగ్లాదేశీలు లేరా? కాంక్రీటు పోసే గ్యాంగులో ఒక దేశం వాళ్ళే ఉండడం గల్ఫులో ఎక్కడ చూశావు? స్మారకం ఎత్తే ప్రభుత్వం తన వాళ్ళని లెక్కపెట్టుకుంటుంది, పక్కన పోయినవాణ్ణి వదిలేస్తుంది. రచయిత కూడా ఆ లెక్కే రాసుకుంటే ఇక రచయిత ఎందుకు, సర్కారీ గుమాస్తా చాలడూ?

ఇలాంటి శిలల చరిత్ర ఒకసారి చూడు. టాంజానియాలోని దార్ ఎస్ సలాం నుంచి జాంబియాలోని కపిరి మ్పోషి దాకా 1,860 కిలోమీటర్ల టజారా రైలు మార్గం చైనా వాళ్ళు కట్టించారు. పని 1970లో మొదలైంది, 1976లో అప్పజెప్పారు. చైనా పనివాళ్ళు 60 మందికి పైగా చనిపోయారు. దార్ ఎస్ సలాం శివార్లలో గోంగో లా మ్బోటోలో వాళ్ళకి చక్కటి శ్మశానవాటిక ఉంది. ఏటా ఏప్రిల్ మొదట్లో, చైనా వాళ్ళు పెద్దల సమాధులు శుభ్రం చేసుకునే పండగనాడు, రాయబార కార్యాలయం వాళ్ళు వచ్చి పూలు పెడతారు. మరి అదే మార్గం మీద టాంజానియా, జాంబియా కూలీలు అంతకన్నా ఎక్కువమంది పోయారు. వాళ్ళకి అలాంటి వరసైన సమాధులేవి? పాకిస్తాన్‌ని చైనాతో కలిపే కారకోరం హైవే సంగతీ అంతే. సుమారు 800 మంది పాకిస్తానీలు, 200 మంది చైనా వాళ్ళు కొండచరియలు విరిగీ, లోయల్లో పడీ చనిపోయారు. గిల్గిత్ దగ్గర దన్యోర్‌లో ఉన్న వాటిక చైనా వాళ్ళది. మైత్రి గురించి ఉపన్యాసం ఇవ్వాల్సి వస్తే అందరూ వెళ్ళేది అక్కడికే.

మనమూ వేరేం కాదు. అఫ్ఘానిస్తాన్‌లో జరంజ్ నుంచి దెలారాం దాకా 218 కిలోమీటర్ల రోడ్డు మన సరిహద్దు రోడ్ల సంస్థ వేసింది. అందులో భారతీయులు 6 మంది, అఫ్ఘాన్లు 129 మంది చనిపోయారు. మన పత్రికల్లో ఆ ఆరుగురి గురించి చదివాం, చదవాలి కూడా. ఆ 129 మందిలో ఒక్క పేరు నీకు తెలుసా? నాకూ తెలీదు. భూటాన్‌లో 1961 నుంచి రోడ్లేస్తున్న దంతక్ ప్రాజెక్టులో మనవాళ్ళు 1,200 మందికి పైగా పోయారు, సింతోఖాలో స్మారకం ఉంది. వీటిలో ఏదీ అబద్ధపు స్మారకం అనడం లేదు. ఒక్కోటీ సగం నిజం. ఆ రెండో సగం రాయడానికి కథ తప్ప ఇంకో చోటు లేదు. నువ్వేమో కథలోనూ మొదటి సగమే రాశావు.

ఇక మనకి బాగా దగ్గరది, నువ్వు ముట్టుకోనిది ఒకటుంది. సయాం (ఇప్పటి థాయ్‌లాండ్)-బర్మా రైలు మార్గం, 415 కిలోమీటర్లు, 1942 జూన్ నుంచి 1943 అక్టోబరు దాకా జపాన్ సైన్యం కట్టించింది. మలయా రబ్బరు తోటల నుంచి తోలుకెళ్ళిన కూలీల్లో తమిళులే ఎక్కువ, తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆసియా కూలీలు 90,000 మంది దాకా పోయారని అంచనా. కాంచనబురిలో యుద్ధఖైదీల వాటికకి వెళితే 6,982 సమాధులు వరసగా, పచ్చగడ్డిలో, చాలావాటి మీద పేరూ వయసూ రెజిమెంటూ కనిపిస్తాయి. కూలీలకి అలాంటిదేమీ లేదు. ఎందుకు లేదో నీకు తెలియాలి. సైనికుడికి నంబరుంది, రోల్‌కాల్ ఉంది, తోటి అధికారి దాచిన జాబితా ఉంది. కూలీ పేరు ఉంటే గింటే కంగానీ, అంటే కూలీల మేస్త్రీ, పుస్తకంలో ఉంటుంది. కలరా వచ్చి ఆ కంగానీ పోతే పుస్తకమూ పోయింది. విచిత్రం ఏమిటంటే, 1944లో అక్కడ మొదట స్మారకం కట్టింది జపాన్ సైన్యమే. చంపినవాళ్ళే రాయి నిలబెట్టి, తమిళంతో సహా నాలుగైదు భాషల్లో నివాళి చెక్కించారు. రాయి ఎవరు పెట్టారన్నది కథలో మొదట తేలాల్సిన విషయం అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అంతదూరం ఎందుకు, భీమిలి వెళ్ళు. డచ్చి వర్తకుల సమాధులు మూడు వందల ఏళ్ళ నాటివి, రాతి మీద పేర్లు ఇప్పటికీ చదవొచ్చు. అదే రేవు నుంచి, విశాఖ నుంచి, కాకినాడ నుంచి స్టీమరెక్కి రంగూన్ పోయిన మన కూలీలకి రాయి ఎక్కడుంది? రంగూన్ రేవు వాళ్ళ భుజాల మీద నడిచింది. 1930 మే నెల అల్లర్లలో వాళ్ళే చచ్చారు. నీ కథలో కుర్రాడి ముత్తాత రంగూన్ వెళ్ళాడని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. ఆ వాక్యం మీద ఒక పేజీ నిలబడు. రాయబారికి ఇచ్చిన పేజీలు ఇటు తిప్పు.

ఇప్పుడు చావు దగ్గరికి రా. "బెల్టు తాడు పుటుక్కున తెగింది, రెక్క తెగిన పక్షిలా రాలిపోయాడు" అని రాశావు. పక్షిని వదిలెయ్. తాడు అలా తెగదు. షాక్ అబ్జార్బరు ఉన్న లాన్‌యార్డు, అంటే బెల్టుని కొక్కేనికి కలిపే తాడు, 15 కిలోన్యూటన్ల (దాదాపు ఒకటిన్నర టన్నుల) బరువు ఆగాలి. అబ్జార్బరు విచ్చుకుంటూ ఒంటి మీద పడే దెబ్బని 6 కిలోన్యూటన్లకి దించుతుంది. తెగిందంటే దూలం అంచు కోసి ఉండాలి, లేకపోతే వెల్డింగు నిప్పురవ్వలు పడి పట్టీ ముందే కాలి ఉండాలి. ఆ రెండింట్లో ఏదో ఒకటి కథలో రాయి. అసలు చాలా చావుల్లో తాడు నిక్షేపంగా ఉంటుంది, మనిషి నేలకి తగులుతాడు. లెక్క చూడు: తాడు 2 మీటర్లు, అబ్జార్బరు విచ్చుకుంటే గరిష్ఠంగా 1.75, వీపు మీది రింగు నుంచి పాదాలకి 1.5, భద్రత కోసం 1. మొత్తం 6.25 మీటర్లు. కొక్కెం తగిలించిన చోటు నుంచి కిందికి అంత ఖాళీ ఉండాలి. నీ కుర్రాడు 5 మీటర్ల పరంజా మీద, కాళ్ళ దగ్గరున్న గొట్టానికి కొక్కెం వేసుకున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు, కొక్కెం వేశాడు, చచ్చిపోయాడు. సేఫ్టీ ఆఫీసరు కాగితం మీద అన్నీ సరిగ్గానే ఉంటాయి. తలపైన తగిలించుకునే లైఫ్‌లైను ఎవరు వెయ్యలేదు, ఆ వేళ పరంజాకి ఎక్కొచ్చని చెప్పే ఆకుపచ్చ ట్యాగు ఎవరు కట్టారు? నీ కథ అక్కడుంది.

ఇంకోటి. జూలైలో మధ్యాహ్నం ఒంటిగంటకి ఎండలో పని చేస్తున్నాడన్నావు. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా పొద్దున్న 10 నుంచి మూడున్నర వరకూ ఆరుబయట ఎండలో పని నిషేధం. నిషేధం ఉన్నా పని చేయించారంటావా, ఆ సంగతి చెప్పి ఫోర్‌మన్‌ని నిలబెట్టు. కాదంటావా, చావుని తెల్లవారుజాముకి జరుపు. ఏదీ చెప్పకుండా వదిలేస్తే తెలిసినవాడు నవ్వుతాడు.

శవం మూడో రోజుకి ఇంటికి చేరిందని రాశావు. పని చోట ప్రమాదమైతే పోలీసు విచారణ ముగియాలి. మరణ ధ్రువపత్రం రావాలి. ఇంటివాళ్ళ సమ్మతి పత్రం, అక్కడ ఎవరికి అప్పగించాలో చెప్పే అధికార పత్రం ఇక్కణ్ణుంచి వెళ్ళాలి. ఎంబసీ పాస్‌పోర్టు రద్దు చేసి నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. ఎంబామింగు ధ్రువపత్రం, విమానం కార్గో బుకింగు, ఇక్కడ విమానాశ్రయంలో ఆరోగ్యశాఖ అనుమతి, ఇవన్నీ కావాలి. వారాలు పడుతుంది. ఈ కాగితాల్లో ఒక్కదాని మీద పెన్ను ఆపు: మరణకారణం. శవపరీక్ష లేకుండా "గుండె ఆగిపోవడం" అని రాసేస్తే సహజ మరణం కింద పోతుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజనలో 10 లక్షలు ప్రమాదంలో పోయినవాడికే. ఆ ఒక్క గడి నిండిన తీరులో ఒక కుటుంబం అప్పు తీరడమో తీరకపోవడమో ఉంది. రాయబారి ఉపన్యాసంలో ఉండే 'త్యాగం'లో ఇదేమీ ఉండదు. తల్లి పెట్టె తెరిచి చెయ్యి పట్టుకున్నదని కూడా రాశావు. ఆ పెట్టె సీలు వేసి వస్తుంది. తీస్తే ముందు ఫార్మలిన్ ఘాటు కళ్ళకి తగులుతుంది, ఏడుపుకన్నా ముందు వచ్చే నీళ్ళవి. ఆ సంగతి కథలో రాయి.

శిల కావాలే అంటావా, సరిగ్గా కట్టు. ఇత్తడి పలక మీద బంగారంలా మెరిసే అక్షరాలన్నావు. బీచ్ రోడ్డు ఉప్పుగాలికి ఇత్తడి నల్లబడి, పచ్చ చిలుము కారుతుంది. కైలాసగిరి కొండల ఎర్రరాయి, ఆ ఖొండలైటు, పెచ్చులు ఊడుతుంది. అక్కడ నిలబడేది టెక్కలి నీలి గ్రానైటు, పైగా మన జిల్లాలదే. అక్షరం 3 మిల్లీమీటర్ల లోతు చెక్కాలి, రంగు పూయకుండా వదిలెయ్యాలి. పూసిన రంగు రెండు వానాకాలాలకి పోతుంది. ఇనప చీలలు వాడితే తుప్పు ఉబ్బి రాయిని లోపల్నుంచి పగలదీస్తుంది, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడతారు. వత్తులు ఇరుకుగా చెక్కితే వాటి మధ్య సన్నటి రాయి ఎగిరిపోతుంది, వరసల మధ్య ఖాళీ ఇంగ్లీషు కన్నా ఎక్కువ వదలాలి. ఇంకా ముఖ్యం, పేరు ఎక్కణ్ణుంచి తీసుకున్నారు? పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఇంకో గడిలో, ఇంగ్లీషులోంచి అరబ్బీకి పోయి మళ్ళీ తెలుగుకి వచ్చేసరికి అమ్మకే తెలియని పేరవుతుంది. శిల దగ్గర నిలబడి తల్లి "ఇది మావాడి పేరా?" అని అడిగితే, ఆ చెప్పుల మాటకి దీటుగా ఉంటుంది.

భాష సంగతి. తల్లి మొదట్లో "గుంటడు" అంటుంది, పదో పేజీకి వచ్చేసరికి "నా కుమారుడు వెళ్ళిపోయాడండి" అంటుంది. కవిటి ఆవిడ "ఎలిపోనాడమ్మా" అంటుంది. నీకూ తెలుసు. పోటీ న్యాయనిర్ణేతలకి భయపడి మార్చావు. పండగ పోటీలు మన కథని చెడగొట్టినంతగా కరువు కూడా చెడగొట్టలేదు. వెయ్యి మాటలకి కుదించమంటారు, చివర్లో కన్నీళ్ళుండాలి, ఆశావహంగానూ ఉండాలి. ఒక సంపాదకుడు నా కథలో 'లాన్‌యార్డు' తీసేసి 'మోకు' అని పెట్టాడు. మోకు కట్టుకుని కొబ్బరిచెట్టు ఎక్కుతారు, మెట్రో కట్టరు. పాఠకుడికి అర్థం కాదట! గాజువాకలో ప్రతి రెండో ఇంట్లో ఒక వెల్డరో రిగ్గరో ఉన్నాడు, అర్థం కానిది ఆ సంపాదకుడికే. పని మాటలు నీ కథలో ఎవరైనా మారిస్తే కథ వెనక్కి తెచ్చుకో.

పేరు ఇంగ్లీషులో పెట్టాలా, పుస్తకం ఎప్పుడు వెయ్యాలి అని కూడా అడిగావు. అవి తర్వాత.

రాయబారి ఉపన్యాసం మొత్తం కొట్టేసి, ఆ చోట శిల మీది పేర్ల జాబితా యథాతథంగా పెట్టు. పేరు, ఊరు, చేసే పని. కార్పెంటరా, స్టీలు ఫిక్సరా, స్కాఫోల్డరా రాయి. పదకొండు కాదు, ఆ పని మీద పోయినవాళ్ళందరివీ. నేపాలీల ఊళ్ళకి ధనుషా, సిరాహా జిల్లాల వైపు చూడు, గల్ఫుకి అక్కణ్ణుంచి చాలామంది వెళతారు. ఆ ఊళ్ళ పేర్లు తెలుగులో ఎలా రాయాలో ఆ జిల్లాల మనిషిని అడిగి రాసుకో. పరవాడ లేబర్ క్యాంపుల్లో ఎవరైనా దొరకొచ్చు. అది అయ్యాక పంపు, చదువుతాను.

ఇట్లు
మహారాణిపేట నుంచి,
నీ మాస్టారు